బెల్టు పెట్టుకున్నారు సరే... ఎక్కడ పెట్టుకున్నారు?

సంక్రాంతికి ముందు రెండు మూడు రోజుల్లో విజయవాడ హైవే మీద ప్రయాణం చేసినవాళ్ళకు ఈ దృశ్యం కొత్త కాదు. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. ఎక్కడో ముందు ఖాకీ చొక్కా కనబడగానే డ్రైవరూ, పక్క సీట్లో ఉన్న పెద్దాయనా ఒకేసారి భుజం మీదుగా చెయ్యి వెనక్కి పోనిచ్చి బెల్టు లాగుతారు. కొందరు బకిల్‌లో కూడా పెట్టరు, కొసను ఒళ్ళో పట్టుకుని కూర్చుంటారు. టోల్‌ప్లాజా దాటి నాలుగు కిలోమీటర్లు పోగానే బెల్టు మళ్ళీ పక్కకు వెళ్ళిపోతుంది. ఇక వెనక సీట్లో అమ్మమ్మ, కూతురు, కోడలు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. వాళ్ళకు ఆ కాసేపటి తంతు కూడా ఉండదు. ఇటు బెంగళూరు హైవే మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట మీదుగా కర్నూలు వైపు పోయే కార్లలోనూ ఇదే వరస.

బెల్టు పెట్టుకోకపోతే 1000 రూపాయల జరిమానా అని అందరికీ తెలుసు. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోయినా అంతే జరిమానా అన్నది మాత్రం చాలామందికి తెలియదు. వెనక సీట్లో రోడ్డువైపు ముఖం పెట్టి కూర్చునేవాళ్ళకు కూడా బెల్టు తప్పనిసరి అన్నదీ అంతే. అయితే ఈ వ్యాసం జరిమానా గురించి కాదు. బెల్టు పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళలో కూడా ఎక్కువమంది దాన్ని పెట్టుకోవలసిన చోట పెట్టుకోరు. నాలుగు వేళ్ళ వెడల్పు పైకి జరిగితే ప్రాణం కాపాడాల్సిన పట్టీ పేగుల్ని చీల్చగలదు. ఆ నాలుగు వేళ్ళ తేడా గురించే ఈ కథనం.

అన్నెపర్తి దగ్గర ఆ తెల్లవారుజాము

2018 ఆగస్టు 29. నటుడు, మాజీ రాజ్యసభ సభ్యుడు నందమూరి హరికృష్ణ తానే కారు నడుపుకుంటూ హైదరాబాద్ నుంచి నెల్లూరు జిల్లా వైపు ఒక పెళ్ళికి బయల్దేరారు. నల్గొండ జిల్లాలో నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద అన్నెపర్తి దగ్గర కారు అదుపు తప్పింది. ఆయన కారులోంచి బయటికి విసిరివేయబడ్డారు. నార్కట్‌పల్లిలోని ఆసుపత్రికి తీసుకెళ్ళినా ప్రాణం దక్కలేదు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు అప్పట్లోనే చెప్పారు. కారులో ఉన్న మరో ఇద్దరు గాయాలతో బయటపడ్డారు. దానికి నాలుగేళ్ళ ముందు, 2014 డిసెంబరు 6న, ఆయన పెద్ద కొడుకు జానకిరామ్ ఇదే ఉమ్మడి నల్గొండ జిల్లాలో మునగాల మండలం ఆకుపాముల దగ్గర జరిగిన ప్రమాదంలోనే చనిపోయారు. 2013 ఆగస్టు 15న మాజీ ఎంపీ లాల్ జాన్ బాషా నార్కట్‌పల్లి దగ్గరే రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు. ఈ రోడ్ల మీద పేరున్నవాళ్ళ సంగతి మనకు గుర్తుంటుంది. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లలో వచ్చి పోయేవాళ్ళ లెక్క వేరు.

దేశం మొత్తం లెక్క చూస్తే, 2022లో సీటు బెల్టు పెట్టుకోని కారణంగా 16,715 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో డ్రైవర్లు 8,384 మంది, ప్రయాణికులు 8,331 మంది. ఇంచుమించు సగం సగం. 'నడిపేవాడు పెట్టుకుంటే చాలు' అనుకునేవాళ్ళు ఆ రెండో అంకెను ఇంకోసారి చదవాలి. అదే ఏడాది సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు వంతెన గోడను గుద్దింది. ముందు సీట్లలోని ఇద్దరూ గాయాలతో బతికారు. వెనక సీట్లలోని ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదు.

గుద్దుకోవడం ఒక్కసారి కాదు, మూడుసార్లు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు గోడను గుద్దడమంటే, ఆ కారు సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి కింద పడటంతో సమానం. 100 కిలోమీటర్ల వేగమైతే ఆ ఎత్తు 39 మీటర్లు దాటుతుంది. మేడ మీది నుంచి పిల్లవాడు పిట్టగోడ పట్టుకుని తొంగిచూస్తేనే మనకు గుండె జారుతుంది. అదే పిల్లవాణ్ణి హైవే మీద కారులో ముందు సీట్ల మధ్య నిలబెట్టి తీసుకెళ్తాం.

ప్రమాదంలో మొదట కారు దేన్నో గుద్దుకుంటుంది. బానెట్ నలిగి కారు ఆగుతుంది. లోపలి మనిషి ఆగడు. అదే వేగంతో ముందుకు పోయి స్టీరింగ్‌నో, డ్యాష్‌బోర్డునో, ముందు సీటునో గుద్దుకుంటాడు. ఇది రెండోది. అప్పుడు శరీరం ఆగుతుంది, లోపలి అవయవాలు ఆగవు. మెదడు పుర్రె గోడకు, కాలేయం పక్కటెముకలకు కొట్టుకుంటాయి. ఇది మూడోది. బెల్టు చేసే పనల్లా ఏమిటంటే, నలిగే కారుతో పాటే మనిషిని కూడా మెల్లగా ఆపడం. 'మెల్లగా' అంటే సెకనులో పదో వంతు. ఆ కాస్త సమయమే చావుకీ బతుక్కీ మధ్య తేడా.

ఒక లెక్క చూడండి. 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు అర మీటరు నలిగి ఆగిందనుకుందాం. ఆ క్షణంలో ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 28 రెట్లు తూగుతుంది. ఒళ్ళో కూర్చున్న 10 కిలోల పాప 280 కిలోలవుతుంది. ఏ తల్లి చేతులైనా ఎంత గట్టిగా పట్టుకున్నా ఆపలేని బరువది. తల్లికి కూడా బెల్టు లేకపోతే పాప ముందు సీటుకూ తల్లి ఒంటికీ మధ్య నలిగిపోతుంది.

ఇంత బరువును మోసే పట్టీ శరీరంలో ఎక్కడ ఆనాలి? దీనికి జవాబు ఒక్కటే. ఎముక మీద ఆనాలి. నడుము పట్టీ పొట్ట మీద కాదు, దాని కింద, రెండు పక్కలా చేతికి తగిలే తుంటి ఎముక గట్ల మీద, తొడల మొదట్లో ఉండాలి. భుజం పట్టీ మెడ మీద కాదు, చంక కిందా కాదు, కాలర్ బోన్ మధ్యలోంచి రొమ్ము ఎముక మీదుగా దిగాలి. మూడు చోట్ల బిగించే ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ తయారుచేసినప్పుడు పెట్టిన నియమమే ఇది. ఆ కంపెనీ పేటెంట్‌ను అందరికీ వదిలేసింది. అందుకే ఇవాళ ఏ కారు కొన్నా అదే బెల్టు ఉంటుంది.

రేసు కారు నేర్పిన పాఠం

పట్టీ ఎక్కడ ఆనాలి, ఏ కోణంలో లాగాలి అన్న సంగతిని అందరికన్నా ఎక్కువ పట్టించుకున్నవాళ్ళు కారు రేసుల వాళ్ళు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. డ్రైవర్ల భుజాల మీద, హెల్మెట్ కింద నల్లటి కాలర్ లాంటిది ఒకటి కనిపించింది. దాని పేరు హాన్స్. తలనూ మెడనూ కాపాడే పరికరం అది.

దాని వెనక ఒక చావు ఉంది. 1981లో అమెరికాలో ప్యాట్రిక్ జాక్‌మార్ట్ అనే రేసు డ్రైవరు కారును పరీక్షిస్తూ ప్రమాదంలో చనిపోయాడు. బెల్టులు అతని ఒంటిని సీటుకు కట్టిపడేశాయి. తల ఆగలేదు. హెల్మెట్ బరువుతో ముందుకు విసురుగా పోయి, పుర్రె అడుగు ఎముక విరిగింది. అతని స్నేహితుడైన రేసు డ్రైవరు జిమ్ డౌనింగ్ ఈ సంగతిని తన బావ రాబర్ట్ హబ్బర్డ్ ముందు పెట్టాడు. ఆయన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో శరీర యాంత్రిక శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఇద్దరూ కలిసి చేసిందే ఈ కాలర్. భుజాల మీద కూర్చునే ఆ కాలర్ మీదుగా రేసు బెల్టులు వెళ్తాయి. కాలర్ నుంచి రెండు చిన్న పట్టీలు హెల్మెట్‌కు ఇరుపక్కలా తగులుకుంటాయి. ఒళ్ళు ఆగినప్పుడు తల కూడా దాంతోపాటే ఆగుతుంది. మెడ మీద పడాల్సిన భారం కాలర్ ద్వారా బెల్టుకు పోతుంది.

విచిత్రమేమిటంటే చాలా ఏళ్ళు డ్రైవర్లే దాన్ని వద్దన్నారు. ఇరుకుగా ఉందనీ, ఒరుసుకుంటోందనీ అన్నారు. 1994లో ఇమోలాలో రోలాండ్ రాట్జెన్‌బర్గర్ ఇలాంటి గాయంతోనే పోయాడు. 2000లో నాస్కార్ రేసుల్లో ముగ్గురు పోయారు. 2001 ఫిబ్రవరి 18న అమెరికా అంతా ఆరాధించే డేల్ ఎర్న్‌హార్ట్ డేటోనాలో ఆఖరి ల్యాప్‌లో గోడను గుద్ది చనిపోయాక గానీ నాస్కార్ కళ్ళు తెరవలేదు. ఆ ఏడాది అక్టోబరులో నాస్కార్‌లో, 2003లో ఫార్ములా వన్‌లో దాన్ని తప్పనిసరి చేశారు. టోల్‌ప్లాజా దాటగానే బెల్టు తీసేసే మనకూ, వాళ్ళకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

ఇంత చేసినా కాలర్ దానంతట అది ప్రాణం కాపాడదు. అది బెల్టు బిగింపు మీద ఆధారపడి ఉంటుంది. భుజం బెల్టులు సీటు వెనక్కి దాదాపు నేలకు సమాంతరంగా పోవాలి. కిందికి వాలినా ఆ వాలు 20 డిగ్రీలు మించకూడదని హాన్స్ వాడకం నియమాలు చెబుతాయి. ఎందుకు? బెల్టు కొసను సీటు వెనక కారు ఫ్లోరులో బోల్టు వేశారనుకోండి. ప్రమాదంలో ఒళ్ళు ముందుకు పోబోతే బెల్టు భుజాల్ని వెనక్కి కాక కిందికి లాగుతుంది. మూట మీద పడ్డ దెబ్బలాగా ఆ ఒత్తిడంతా నిలువునా వెన్నెముక మీద పడి వెన్నుపూసలు నలుగుతాయి. వెనకాల రెండు బెల్టుల కొసలూ ఎడంగా ఉన్నా కష్టమే. అవి కాలర్ మీదినుంచి జారి భుజాల అంచుకు పోతాయి. అందుకే వాటిని భుజాల వెడల్పు కన్నా దగ్గరగా, మెడ వైపుకు కూడుకునేట్టు బిగిస్తారు. బిగించేటప్పుడు కూడా వరస ఉంది. ముందు నడుము పట్టీని తుంటి ఎముకల మీద గట్టిగా లాగాలి, ఆ తర్వాతే భుజం పట్టీలు. తలకిందులుగా చేస్తే భుజం పట్టీలు నడుము పట్టీని పొట్ట మీదికి లాక్కొస్తాయి. అలా రాకుండా తొడల మధ్య నుంచి ఐదో పట్టీ, కొన్నిట్లో ఆరోది కూడా ఉంటుంది.

అబ్బాయి కారులో రంగు బెల్టులు

ఇదంతా మామూలు కుటుంబానికి ఎందుకంటే, ఒక కారణం ఉంది. ఎర్రగా, నీలంగా మెరిసే నాలుగు పట్టీల 'రేసింగ్ బెల్టులు' ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చు. కారును ముస్తాబు చేసుకునే కుర్రాళ్ళు కొందరు వాటిని మామూలు కారులో పెట్టిస్తున్నారు. ఇవి ఎక్కువ పట్టీలు కాబట్టి ఎక్కువ భద్రత అని ఇంట్లోవాళ్ళు కూడా అనుకుంటారు. అది నిజం కాదు.

రేసు కారులో డ్రైవరు చుట్టూ ఉక్కు పైపుల పంజరం ఉంటుంది. బెల్టు ఆ పంజరానికి తగిన ఎత్తులో బిగుస్తుంది. మన కారులో అంత ఎత్తున బిగించే చోటే ఉండదు, కాబట్టి మెకానిక్ దాన్ని వెనక సీటు కింద ఫ్లోరుకు బోల్టు వేస్తాడు. పైన చెప్పిన వెన్నెముక ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఐదో పట్టీ లేని నాలుగు పట్టీల బెల్టులో ఒళ్ళు కిందికి జారిపోయి నడుము పట్టీ పొట్టలో దిగుతుంది. కారు పల్టీ కొట్టి పైకప్పు కిందికి నలిగితే మామూలు బెల్టులో మనిషి పక్కకు ఒరుగుతాడు. రేసు బెల్టు నిటారుగా కట్టేసి ఉంచుతుంది, పంజరం లేదు, పైకప్పు నేరుగా తల మీదే. పైగా హెల్మెట్ లేదు కాబట్టి హాన్స్ తగిలించడానికీ వీలులేదు. ఒళ్ళు పూర్తిగా కట్టేసి తలను గాలికి వదిలేయడమన్నది జాక్‌మార్ట్‌కు జరిగిందే. కారు ఎయిర్‌బ్యాగులు కూడా కంపెనీ ఇచ్చిన బెల్టు లెక్కతోనే తయారవుతాయి. రేసంటే నిజంగా సరదా ఉన్న పిల్లలకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది. అక్కడ కారు, బెల్టు, హెల్మెట్, కాలర్ అన్నీ తనిఖీ చేసి పంపిస్తారు. ఇంటి కారుకు కంపెనీ ఇచ్చిన బెల్టే మేలు.

మన కార్లలో జరిగే తప్పులు

రాత్రి పది గంటలకు హైదరాబాద్‌లో బయల్దేరితే నకిరేకల్ దాటేసరికి ముందు సీట్లో మనిషి సీటు వెనక్కి వాల్చి నిద్రపోతాడు. బెల్టు పెట్టుకునే ఉన్నాడు. కానీ వాల్చిన సీట్లో భుజం పట్టీ ఒంటికి ఆనదు, జానెడు ఎత్తులో గాల్లో వేలాడుతుంది. నడుము పట్టీ తుంటి ఎముకల మీద నుంచి పొట్ట మీదికి జరుగుతుంది. ఈ స్థితిలో ప్రమాదం జరిగితే మనిషి బెల్టు కింది నుంచి ముందుకు జారిపోతాడు. ఆ జారుడులో పట్టీ పొట్టను వెన్నెముకకు నొక్కుతుంది. నా మటుకు నాకు, మన హైవేల మీద బెల్టు పెట్టుకునేవాళ్ళు చేసే అతి పెద్ద తప్పు ఇదే అనిపిస్తుంది. నిద్ర వస్తే వెనక సీట్లో బెల్టు పెట్టుకుని నిటారుగా కూర్చుని పడుకోండి. మెడ పట్టేస్తుంది, నిజమే. పట్టేసిన మెడ రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

భుజం పట్టీ మెడకు ఒరుసుకుంటోందని చాలామంది ఆడవాళ్ళు దాన్ని చంక కింది నుంచి వేసుకుంటారు. పిల్లలైతే వీపు వెనక్కి తోసేస్తారు. చంక కింద ఉన్న పట్టీ మెత్తటి పక్కటెముకల మీద పడుతుంది. అవి విరిగితే కింద కుడివైపు కాలేయం, ఎడమవైపు ప్లీహం ఉన్నాయి. చాలా కార్లలో పట్టీ పైకొసను తలుపు పక్క స్తంభం మీద పైకీ కిందికీ జరిపే వీలుంటుంది. ఒకసారి నొక్కి చూడండి. ఆ సౌకర్యం లేకపోతే సీటును కాస్త పైకో ముందుకో జరిపితే పట్టీ కాలర్ బోన్ మధ్యకు వస్తుంది.

పట్టీ కింద మందం ఉండకూడదు. చెక్క పూసల సీటు, నడుము నొప్పికని పెట్టిన దిండు, పండక్కి కట్టుకున్న పట్టుచీర కొంగు నడుము దగ్గర ఉండలా ఉండటం, జేబులో ఫోను, ఇవన్నీ బెల్టును వదులు చేసేవే. బెల్టు పెట్టుకున్నాక భుజం పట్టీని ఒకసారి పైకి లాగి వదిలితే నడుము దగ్గరి వదులు పోతుంది. రెండు సెకన్ల పని.

గర్భిణులకు బెల్టు వద్దని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. బిడ్డకు ఒత్తిడి తగులుతుందని వాళ్ళ భయం. అసలైన ప్రమాదం బెల్టు లేకుండా పొట్ట స్టీరింగ్‌కో డ్యాష్‌బోర్డుకో గుద్దుకోవడం. నడుము పట్టీ పొట్ట ఉబ్బు కిందుగా తుంటి ఎముకల మీద ఉండాలి. భుజం పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి పొట్ట పక్కగా దిగాలి. ఏ పట్టీ కూడా పొట్ట మీదుగా పోకూడదు. ప్రమాదం చిన్నదైనా, దెబ్బ కనిపించకపోయినా అదేరోజు డాక్టరుకు చూపించుకోవాలి. మాయ గర్భాశయం నుంచి విడిపోవడం వెంటనే బయటికి తెలియకపోవచ్చు.

ఇక పిల్లల సంగతి. పెద్దవాళ్ళ కొలతకు చేసిన బెల్టు పిల్లలకు సరిపోదు. నడుము పట్టీ పొట్ట మీదికి, భుజం పట్టీ మెడ మీదికి వస్తాయి. పిల్లల తుంటి ఎముకలు కూడా పట్టీని పట్టి ఉంచేంత ఎదిగి ఉండవు. పసిబిడ్డను వెనకవైపు ముఖం పెట్టిన సీట్లో కూర్చోబెట్టాలి. ఐరోపా కొత్త నియమం ప్రకారం కనీసం 15 నెలల దాకా అలాగే. పసిబిడ్డ తల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ బలహీనం. ప్రమాదంలో ఆ సీటు వీపంతా కలిపి తలను మోస్తుంది. ఒక రకంగా రేసు డ్రైవరుకు కాలర్ చేసే పనే ఇది. ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీట్లో మాత్రం ఆ సీటు ఎప్పుడూ పెట్టకూడదు. ఆ తర్వాత ముందుకు ముఖం పెట్టే సీటు, అది దాటాక కింద ఎత్తు పీట లాంటి బూస్టర్. పిల్లవాడి ఎత్తు 135 నుంచి 150 సెంటీమీటర్లు వచ్చేదాకా చాలా దేశాల్లో బూస్టర్ వాడతారు. ఇంట్లో పరీక్ష చాలా సులభం. పిల్లవాడి వీపు సీటుకు ఆనినప్పుడు మోకాళ్ళు సీటు అంచు దగ్గర వంగుతున్నాయా, నడుము పట్టీ తొడల మీద ఉందా, భుజం పట్టీ భుజం మధ్యలో ఉందా చూడండి. మూడింటికీ అవునంటే పెద్దవాళ్ళ బెల్టు సరిపోతుంది. పిల్లల సీట్లు ప్రమాదంలో మరణాన్ని 60 శాతం దాకా తగ్గిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఖరీదు ఎక్కువే. కానీ ఆ కారుకు అలాయ్ చక్రాలు, కొత్త మ్యూజిక్ సిస్టమ్ వేయించేటప్పుడు మనం ఈ లెక్క వేసుకోం.

హెడ్‌రెస్ట్ గురించి కూడా ఒక మాట. దాన్ని తల వాల్చుకునే దిండు అనుకుంటాం. వెనక నుంచి లారీ గుద్దినప్పుడు తల వెనక్కి విరుచుకోకుండా ఆపేది అదొక్కటే. దాని పైఅంచు కనీసం చెవుల పైభాగం దాకా రావాలి. తలకూ దానికీ మధ్య దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. వెనక అద్దంలో అడ్డం వస్తోందని తీసి డిక్కీలో పడేసినవాళ్ళు దాన్ని తిరిగి పెట్టుకోవాలి.

బకిల్‌లో గుచ్చే క్లిప్పుల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. బెల్టు పెట్టుకోకుండానే అలారం మోగకుండా చేసే ఈ తునకలను అమ్మవద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. ఇప్పటికీ కొన్ని కార్లలో అవి కనిపిస్తున్నాయి. ఎయిర్‌బ్యాగు ఉందిగా అని ధీమా. ఎయిర్‌బ్యాగు రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో విచ్చుకుంటుంది. బెల్టు లేని మనిషి అప్పటికే దాని మీదికి వచ్చేసి ఉంటే అదే అతని మెడ మీద దెబ్బ కొడుతుంది.

ప్రమాదం తర్వాత కనిపించే గీత

ప్రమాదం జరిగి బయటపడ్డాక పొట్ట మీద అడ్డంగా, బెల్టు ఆకారంలో ఎర్రటి లేదా నల్లటి గీత కనిపిస్తే దాన్ని 'కమిలింది' అని వదిలేయకండి. డాక్టర్లు దాన్ని సీటు బెల్టు గుర్తు అంటారు. దాని వెనక పేగుకు చిల్లు పడి ఉండవచ్చు, పేగులకు రక్తం తెచ్చే పొర చిరిగి ఉండవచ్చు, నడుము వెన్నుపూస అడ్డంగా చీలి ఉండవచ్చు. ఇబ్బందేమిటంటే మొదటి గంటల్లో మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, ఫోన్‌లో ఇంటికి 'ఏం కాలేదు' అని చెబుతాడు. మొదటి స్కాన్‌లో కూడా పేగు చిల్లు ఒక్కోసారి దొరకదు. కొన్ని గంటల తర్వాత పొట్ట నొప్పి, ఉబ్బరం, వాంతులు, జ్వరం మొదలవుతాయి. అప్పటికి పేగులోని మలినం పొట్టంతా వ్యాపించి ఉంటుంది. ఈ గీత ఉన్నవాళ్ళను సర్జన్ ఉన్న ఆసుపత్రిలో కనీసం ఒక రోజు పరిశీలనలో ఉంచడం మంచిది. పిల్లల్లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే వాళ్ళలో బెల్టు పొట్ట మీదే ఉంటుంది.

మెడ మీద పట్టీ ఒరుసుకున్న గీత ఉంటే మెడలోని రక్తనాళం లోపలి పొర చిట్లి ఉండవచ్చు. ఆ తర్వాత గంటల్లో, ఒక్కోసారి రోజుల్లో, మూతి వంకర పోవడం, చెయ్యి బలహీనపడటం, మాట తడబడటం కనిపిస్తే అది పక్షవాతమే. వెంటనే ఆసుపత్రికి పోవాలి, ప్రమాదం సంగతి డాక్టరుకు చెప్పాలి.

ముక్కులోంచి గానీ చెవిలోంచి గానీ నీళ్ళలాంటి ద్రవం కారడం, కళ్ళ చుట్టూ నల్లటి వలయాలు, చెవి వెనక కమిలిన మచ్చ కనిపించడం, ఇవి పుర్రె అడుగు ఎముక విరిగిన గుర్తులు. రేసు డ్రైవర్ల ప్రాణాలు తీసిన గాయం ఇదే. ముక్కులో, చెవిలో దూది కుక్కకండి. తలను, మెడను కదిలించకుండా అలాగే పట్టుకుని 108 వచ్చేదాకా ఉంచండి. కారు అంటుకునే ప్రమాదం ఉంటే తప్ప గాయపడ్డవాళ్ళను కాళ్ళూ చేతులూ పట్టుకుని బయటికి లాగకండి. సాయం చేసినవాళ్ళను కేసు పేరుతో ఇబ్బంది పెట్టకూడదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే చెబుతోంది, కాబట్టి ఆగడానికి భయపడక్కర్లేదు.

కొనే ముందు, బయల్దేరే ముందు

పాత కారు కొంటున్నవాళ్ళు ఇంజన్, టైర్లు, కిలోమీటర్లు చూస్తారు. బెల్టు ఎవరూ చూడరు. ఒకసారి ప్రమాదంలో భారం మోసిన బెల్టు సాగి ఉంటుంది, దాన్ని మార్చాల్సిందే. చాలా కార్లలో బెల్టును ఆ క్షణంలో వెనక్కి బిగించే చిన్న పేలుడు పరికరం కూడా ఉంటుంది, అది ఒక్కసారే పనిచేస్తుంది. బెల్టును మొత్తం బయటికి లాగి అంచులు నూలు లేచాయా, ఎక్కడైనా మెరుపుగా ఒరిగిన గీత ఉందా చూడండి. కింది కొసన లేబుల్ మీద ఉన్న సంవత్సరం కారు తయారైన సంవత్సరానికి చాలా తర్వాతిదైతే ఎందుకు మార్చారో అడగండి. చటుక్కున లాగితే బెల్టు బిగుసుకోవాలి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాల్సిందే.

ఇక సొంత కారులో పండక్కి ఊరెళ్ళేవాళ్ళు ముందు రోజు సాయంత్రం వెనక తలుపు తెరిచి సీటు కవర్లు ఎత్తి చూడండి. చాలా ఇళ్ళలో కొన్న రోజు వేయించిన కవరు కిందే వెనక బకిళ్ళు దాగి ఉంటాయి. వాటిని బయటికి లాగి, కవరుకు కత్తెరతో కాస్త గాటు పెట్టి, ఒక్కొక్కటీ టక్కుమని పడుతోందో లేదో చూడండి. కారులో ఎంతమంది కూర్చుంటారో అన్ని బకిళ్ళూ ఉన్నాయా లెక్కపెట్టుకోండి. తక్కువైతే ఒకరిద్దరిని బస్సులో పంపించడమో, రెండు కార్లలో వెళ్ళడమో ఆ సాయంత్రమే నిర్ణయించుకోవచ్చు.